ఎక్కడ తెగిందని అడిగితే

పుయెర్టో మోంట్, మే 14

ఒతీలియా అక్కా, నేను కులాసా. కుడిచేత్తోనే రాస్తున్నాను, కంగారు పడకు.

పోయిన మంగళవారం ఫ్యాక్టరీలో చేపలు కోసే రంపం నా ఎడమచేతికి తగిలింది. మేస్త్రీ ఒస్వాల్దో తన బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారిలో, "ఇంట్లో తెగిందని చెప్పు నెల్డా, వచ్చేవారం నీకు తేలిక పని ఇప్పిస్తా" అన్నాడు. చెయ్యి ఎక్కడ తెగిందని నర్సు అడిగితే నాకంటే ముందు ఆయనే "వంటింట్లో" అనేశాడు. "మా వంటింట్లో కరెంటు రంపం లేదమ్మా, పనిలోనే తెగింది" అన్నాను. ఆమె నా మాటే రాసుకుంది. అందువల్ల వైద్యమంతా ఉచితం, చెయ్యి మానేదాకా జీతమూ వస్తుంది. ఒస్వాల్దో మళ్ళీ చూడటానికి రాలేదు. రాకపోతే పోనీ, తోటి ఆడవాళ్ళు రోజూ సూప్ తెచ్చిపెడుతున్నారు.

బంగాళాదుంపలు తవ్వడం అయిందా? అమ్మ దగ్గు తగ్గిందా? ఊలు మిగిలితే నాకు చేతితొడుగులు అల్లి పంపు. ఎడమదానికి చిటికెన వేలు అల్లకు. అమ్మకు ఈ ఒక్క ముక్క చదివి వినిపించకు, నేనే వచ్చి చెప్తాను.

పిల్లలకు నా దీవెనలు.

నీ చెల్లెలు,
నెల్డా