ఎడమ కాలు

అన్నయ్యకు,
ఇక్కడ నేనూ బండీ క్షేమం. నువ్విచ్చిన పాత కారు లీటరుకు పదమూడే ఇస్తోందని, తాగుబోతు బండిని నాకు అంటగట్టావని పోయిన కార్డులో రాశాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొన్న మెకానిక్ నా పక్కన కూర్చుని, నేను ఇంజెక్షన్లు వేసే నాలుగిళ్లకూ తిరిగాడు. బానెట్ కూడా ఎత్తలేదు. "బండికేం రోగం లేదు నర్సమ్మా. మీ ఎడమ కాలు క్లచ్ మీంచి లేవట్లేదు, అదే తాగేస్తోంది" అన్నాడు. కంపెనీ చెప్పే ఇరవై రెండు ఈ ట్రాఫిక్‌లో ఎవరికీ రాదట. కాలు తీసి నడిపి, మళ్లీ ట్యాంకు నింపి చూస్తే పదహారు వచ్చింది.

"ఎప్పుడు ఆపాల్సొస్తుందో, కాలు అక్కడే ఉంచు" అని నేర్పింది నువ్వే. నేను వణికిపోతుంటే ధైర్యానికి చెప్పావు, తప్పు పట్టను. భయం పోయి ఎనిమిదేళ్లయింది, కాలు మాత్రం అక్కడే ఉండిపోయింది.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? కారు రెండో తాళంచెవి వదిన బీరువాలో ఉంటుంది, పంపించు. మీ చిన్నమ్మాయికి నువ్వే డ్రైవింగ్ నేర్పుతున్నావని వదిన రాసింది. దానికి నా ఆశీస్సులు. నేనొచ్చేదాకా హారన్ కొట్టడం ఒక్కటే నేర్పు.

నీ చెల్లెలు