చివరిదాకా బతికే వేషం

లక్ష్మణ్ బావకు,

ఈ ఉత్తరం వల్ల తెలుగు టీవీ రంగానికి కలగబోయే నష్టానికి ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

కాలేజీ నాటకంలో నేను రాజును, నువ్వు నా వెనక ఈటె పట్టుకున్న భటుడివి. ఇప్పుడు సీరియళ్లలో గుర్రమెక్కిన బందిపోటువై నువ్వు వారానికోసారి చస్తుంటే, గద్వాలలో మన వీధంతా మగ్గాలు ఆపి చూస్తోంది. మా అమ్మయితే, "సస్తే లక్ష్మణ్ లెక్క సావాలె. నువ్వు బతికి ఏం జేస్తున్నవ్‌రా?" అంటుంది.

మొన్న బీచుపల్లిలో నువ్వు కృష్ణలో మునకలేస్తుంటే, నా చేతిలో ఉన్న నీ ఫోన్ మోగింది, ఎవరో సీరియల్ వాళ్లు. చివరిదాకా బతికే వేషమట. గుర్రపు స్వారీ వచ్చా అని అడిగారు. వాళ్ల నంబరు ఈ ఉత్తరం వెనక రాశాను, శుక్రవారంలోపు మాట్లాడు.

ఆ రోజు నేను వాళ్లతో అన్నది ఇదీ: "వానికి మగ్గం గుంటల దిగుడే వస్తది సార్, గుర్రమెక్కుడు తెల్వదు."