బంద్ నాడు నేర్చిన సైకిల్

జనగామ, మే నెల, గురువారం రాత్రి

తెలంగాణ బంద్ కదా, ఈరోజు హైవే మీద ఒక్క లారీ లేదు. ఎండ తగ్గాక ఆ ఖాళీ రోడ్డు మీదే మా ఎనిమిదేళ్ల లావణ్య సైకిల్ నేర్చుకుంది. మా ఆయన వెనక సీటు పట్టుకుని పరిగెత్తి, ఎక్కడో వదిలేశాడు.

"అమ్మా, నేనే తొక్కుతున్న, చూడు!"

చప్పట్లు కొట్టాను. ఆగాలంటే మాత్రం ప్రతిసారీ ఆయనే ఎదురెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాడు. బ్రేకు సంగతి మా ఇద్దరికీ గుర్తే రాలేదు.

అన్నం తింటూ అడిగింది, "నాయినా, రేపు గూడ బంద్ ఉంటదా?"

"లేదు బిడ్డా, రేపు బండ్లు నడుస్తయి."

"అయితేంది, అవే పక్కకు జరుగుతయి తియ్యి."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు లారీలు మొదలయ్యాయి, కిటికీ అదురుతోంది. సైకిల్ తాళంచెవి దాచేద్దామని ఇల్లంతా వెతికాను. నిద్రపోతున్న పిల్ల గుప్పిట్లో ఉంది. వేళ్లు విడదీయబోతే ఇంకా గట్టిగా బిగించింది.