రెండంగుళాలు కిందికి

ఏప్రిల్ 12, 2025. శనివారం

మా నోవై ఊళ్ళో చివరి మంచు కరిగింది. గరాజ్ తలుపు ఎత్తితే డెబ్బై మోడల్ షెవెల్ కారు స్టాండ్ల మీద అలాగే ఉంది. ఇంజిన్ పని పూర్తయింది, బ్రేకుల పని పూర్తయింది, రంగు కూడా వేశాను. మిగిలింది సస్పెన్షన్ ఒక్కటే. ఎయిర్ వెయ్యాలా, కాయిలోవర్లు వెయ్యాలా?

ఎయిర్ అంటే స్ప్రింగుల చోట రబ్బరు తిత్తులు, డిక్కీలో కంప్రెసర్, చేతిలో స్విచ్. నొక్కితే కారు లేస్తుంది, నొక్కితే దిగుతుంది. కాయిలోవర్ అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన ఒకే ముక్క. రెంచితో ఎత్తు ఒకసారి బిగిస్తే అంతే, మాట మార్చదు. ముప్పై ఒక్క ఏళ్ళు సస్పెన్షన్ ఇంజినీరుగా పనిచేసినవాడికి ఇదొక ప్రశ్నా? పైగా పొద్దున్నే లక్ష్మీనారాయణ ఫోన్ చేసి, ధర్మారావ్, కళ్ళు మూసుకుని ఎయిర్ వేసెయ్ అన్నాడు. దాంతో నిర్ణయం ఖాయమైపోయింది. కాయిలోవర్లే.

లక్ష్మీనారాయణ గురించి ఒకసారి రాసిపెట్టడం మంచిది. నేను పోయాక ఎవరైనా ఈ పుస్తకం తెరిస్తే వాస్తవం తెలియాలి. 1996లో నేను ఆరు నెలలు టెస్ట్ ట్రాక్ మీద నడుము విరగ్గొట్టుకుని రాసిన రిపోర్టుకి అట్ట మార్చి, తన పేరు ముందు వేసుకుని, నా పేరు ‘సహకారం’ అన్న మాట కింద పెట్టాడు. మేనేజర్ అయ్యాడు. నా రిటైర్మెంట్ పార్టీలో నా గురించి చాలా మంచిగా మాట్లాడాడు కూడా. అది ఇంకా క్షమించలేదు.

రాధారాణికి మార్చిలో తుంటి ఆపరేషన్ అయింది. వాకర్ వదిలేసి చేతికర్రతో నడుస్తోంది. పదకొండేళ్ళుగా ఈ కారుని సవతిలా చూసింది. నిన్న మాత్రం తనంతట తనే, ఆగస్టులో వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపుకి నేనూ వస్తానండీ, మీ పక్కన కూర్చుంటాను అంది. నాలుగు నెలలుంది. చాలు.

ఏప్రిల్ 13

లక్ష్మీనారాయణ మళ్ళీ ఫోన్ చేశాడు. తీయలేదు.

ఏప్రిల్ 26

ఫోన్ తీయకపోతే మనిషే వస్తాడని ఊహించలేదు. తన పాత కట్లస్ కారు వేసుకుని, భార్య మీనాక్షిని వెంటబెట్టుకుని వచ్చాడు. మా డ్రైవ్‌వేలో ఆపి స్విచ్ నొక్కాడు. కారు గంగిరెద్దులా ముందుకాళ్ళు వంచి దండం పెట్టింది. రాధారాణి పకపకా నవ్వింది. ఆపరేషన్ తర్వాత అంత నవ్వు ఇదే మొదటిసారి. అది ఆయన ఖాతాలో పడటం నాకు నచ్చలేదు.

ఎయిర్‌కి వ్యతిరేకంగా పదకొండు కారణాలు చెప్పాను. గొట్టాలు కారతాయి, కంప్రెసర్ గోల చేస్తుంది, మిషిగన్ చలికి లోపలి తేమ గడ్డకడుతుంది, వగైరా. ఆయన అన్నీ విని, నీకు చదువెక్కువైందోయ్ అని బజ్జీ తీసుకున్నాడు. కోపం గురించి రోమన్లు రాసిన పుస్తకాలు రెండుసార్లు చదివాను. కోపం తగ్గలేదు. కోపానికి మంచి వాక్యాలు దొరికాయి. సమయానికి ఒక్కటీ గుర్తురాలేదు.

మే 10

కాయిలోవర్లు వచ్చాయి. పెట్టె తెరిచి కాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఇంత అందమైన వస్తువు ఈ మధ్య చూడలేదు.

రాధారాణి గరాజ్ గుమ్మం దగ్గర నిలబడి, కారు ఎంత ఎత్తులో ఉంటుంది అని అడిగింది. సంతోషం వేసింది. కారు రెండంగుళాలు దిగుతుందనీ, బరువు నేలకి దగ్గరైతే మలుపుల్లో ఒరగదనీ పావుగంట చెప్పాను. ఓహో అని లోపలికి వెళ్ళింది. కార్ల మీద ఆసక్తి పెరుగుతోంది.

మే 31

ఈరోజు అసలు పని. నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టి, బరువు సమంగా పడేలా స్ప్రింగులు సవరించాలి. మనుషులు కూర్చున్నట్టే ఉండాలి కారు. కూర్చోవలసిన నేను కింద రెంచి పట్టుకుని ఉంటాను కాబట్టి సీట్లలో అంత బరువు పెట్టాలి. రాధారాణిని తన బరువెంతో అడిగాను. ఎందుకు అంది. సమాధానం చెప్పేలోపే వెళ్ళిపోయింది.

ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచులు పదహారు తెచ్చాను. కౌంటర్ దగ్గరమ్మాయి, గుళ్ళో అన్నదానమా అంకుల్ అంది. నా సీట్లో తొమ్మిది, పక్క సీట్లో ఏడు. జారకుండా సీట్ బెల్టులు పెట్టాను. తూకం అద్భుతంగా కుదిరింది. ఎడమకీ కుడికీ తేడా మూడు పౌండ్లు!

సరిగ్గా అప్పుడు రాధారాణి టీ తెచ్చింది. పక్క సీట్లో ఏడు సంచుల్ని చూసింది. అది నేనా అంది. నువ్వే, నూట నలభై అన్నాను, గర్వంగా.

నూట ఇరవై ఎనిమిది అంది. టీ తిరిగి పట్టుకెళ్ళిపోయింది.

జూన్ 1

రాత్రి భోజనానికి చపాతీలు.

జూన్ 3

చపాతీలు. ఇంట్లో మూడు వందల ఇరవై పౌండ్ల బియ్యం ఉంది.

జూన్ 8

బియ్యమంతా గుడికి ఇచ్చేశాం. పూజారిగారు రాధారాణి పేరున అర్చన చేశారు. ఇంటికొచ్చాక అన్నం వండింది. పక్క స్ప్రింగు పన్నెండు పౌండ్లు తగ్గించి సవరించాను. ఆ సంగతి చెప్పలేదు.

జూన్ 14. మధ్యాహ్నం

కారు రోడ్డెక్కింది. గ్రాండ్ రివర్ రోడ్డు మలుపులో నీళ్ళలో చేపలా తిరిగింది. డెబ్బై రెండేళ్ళ వయసులో ఒంటరిగా కారులో కూర్చుని కేకలు పెట్టాను.

జూన్ 14. సాయంత్రం

రాధారాణిని రమ్మన్నాను. మంచి చీర కట్టుకుని వచ్చింది. తలుపు తెరిచాను. కర్ర నా చేతికిచ్చి, వీపు తిప్పి, కూర్చోబోయి, సగంలో ఆగిపోయింది. సీటు ఇంకా చాలా కిందుంది. చెయ్యి పట్టుకుంటాను, చంకల కింద పట్టి దించుతాను అన్నాను. వద్దు అంది. వుడ్‌వర్డ్ మీద వెయ్యిమంది చూస్తుండగా నన్ను బావిలోంచి బిందెని చేదినట్టు చేదుతారా, మీరు వెళ్ళి రండి, నేను టీవీలో చూస్తాను అంది. కోపంగా అనలేదు. అదే బాధ.

మోకాలి కంటే కిందున్న సీట్లో కూర్చోవద్దని డాక్టర్ నా ఎదుటే చెప్పాడు. సోఫా కాళ్ళ కింద, మంచం కాళ్ళ కింద, భోజనాల కుర్చీ కింద కొయ్యదిమ్మలు కోసి పెట్టింది నేనే. టేపుతో కొలిచి మరీ పెట్టాను. ఇల్లంతా ఆమె కోసం ఎత్తి, కారు మాత్రం రెండంగుళాలు దించాను. ఆమె బరువు కొలిచాను కానీ మోకాలి ఎత్తు కొలవలేదు.

జూన్ 15

కాయిలోవర్లని చివరి మర దాకా పైకి తిప్పాను. అంగుళన్నర లేచింది. కారు ఒంటెలా ఊగుతోంది. సీటు ఇంకా కిందే ఉంది, ఆమె ఇప్పటికీ ఎక్కలేకపోతోంది.

జూలై 4

పార్కులో తెలుగువాళ్ళ పిక్నిక్. లక్ష్మీనారాయణ దంపతులు కూడా వచ్చారు. మీనాక్షి, రాధా, చెరువు చుట్టూ ఒక రౌండ్ వేసొద్దాం రా అంది. కట్లస్ ఆమె ముందు మెల్లగా లేచింది. రాధారాణి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, కర్ర వెనక సీట్లో పడేసి, రాణిలా కూర్చుంది. తలుపు మూశాక కారు మెల్లగా దిగింది.

నేను పులిహోర ట్రే పట్టుకుని చెరువు గట్టున నిలబడ్డాను. మూడు రౌండ్లు వేశారు. మూడుసార్లూ నాకు చెయ్యి ఊపింది.

లక్ష్మీనారాయణ నా పక్కకొచ్చి ట్రేలోంచి పులిహోర పెట్టుకున్నాడు. ఏదైనా అనుంటే బావుండేది. సమాధానం సిద్ధంగా పెట్టుకున్నాను.

జూలై 6

ఫోన్ చేశాను. నేనే చేశాను. ఏ కొలత తిత్తులు వేశావు అని అడిగాను. ముందు ఎయిరే గొప్పదని ఒప్పుకో అన్నాడు. ముందు తొంభై ఆరు రిపోర్టు సంగతి ఒప్పుకో అన్నాను. నువ్వు ముందంటే నువ్వు ముందనుకున్నాం. స్పీకర్‌లో మీనాక్షి గొంతు వినిపించింది. అన్నయ్యగారూ, మీరిద్దరూ ఫోన్లు పెట్టెయ్యండి, లింకు నేను పంపిస్తాను అంది.

రెండు నిమిషాల్లో పంపింది.

జూలై 19

నేనేమీ ఒప్పుకోలేదు. పదకొండు కారణాలూ ఈరోజుకీ నిజమే. పన్నెండోది ఒకటి అటువైపు పడింది, అంతే.

పిలవకుండానే లక్ష్మీనారాయణ సొంత పనిముట్లతో వచ్చాడు. మధ్యాహ్నం దాకా కారు కింద ఇద్దరు ముసలాళ్ళం పడుకుని, నువ్వు పట్టు, కాదు నువ్వు వదులు అని తిట్టుకుంటూ పని చేశాం. ఆయన బిగించిన గొట్టం మీద సబ్బునీళ్ళు పోస్తే బుడగలొచ్చాయి. చాలా ఆనందించాను. రాధారాణిని పిలిచి చూపించాను.

కంప్రెసర్‌కి నేను చేసిన బ్రాకెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, జేబులోంచి కాగితం తీసి కొలతలు రాసుకున్నాడు. మళ్ళీ కాపీనా అన్నాను. ఈసారి నీ ఎదుటే కదా ధర్మా అన్నాడు. కాగితం మడిచి, కారు కింది వైపు చూస్తూ, అప్పుడు కూడా అడిగి ఉండాల్సింది అన్నాడు.

ఇరవై తొమ్మిదేళ్ళు దాచుకున్న వాక్యాలన్నీ పనికిరాకుండా పోయాయి. పదమూడు నంబర్ రెంచి ఇవ్వమన్నాను.

ఆగస్టు 16. ఉదయం 11:20

వుడ్‌వర్డ్ మీద ఉన్నాం. ముందున్న కార్లు ఎటూ కదలక ఇంజిన్ ఆపేశాను, అందుకే రాస్తున్నాను. రాధారాణి తనంతట తనే ఎక్కింది. స్విచ్ నా దగ్గర ఉండనివ్వలేదు. కారుని లేపుతోంది, దించుతోంది, మళ్ళీ లేపుతోంది. కంప్రెసర్ కాలిపోతుందే అన్నాను. కాలనివ్వండి అంది. ఫుట్‌పాత్ మీద కుర్చీలేసుకున్న ఎవరో పెద్దాయన ఇంకోసారి అని అరిచాడు.

ఇంకోసారి.