అద్దంలో పగవాడు

అక్కా,

పక్క ఆఫీసువాళ్లు ఖాళీ చేస్తూ గ్లాసులో వదిలేసిన ఫైటర్ చేపను నేను సెలూన్‌కి తెచ్చుకుంటే, "రేపటికి పోతుంది, ఎందుకురా నీకీ తలనొప్పి?" అన్నావు. నిజమే, రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉండేది, మేత ముట్టేది కాదు. నీళ్లు మారుస్తూ, గోరువెచ్చగా ఉంచుతూ కాపాడుకొచ్చాను.

ఇవాళ ఒకాయనకు క్షవరం చేసి, మెడ వెనక చూపిద్దామని చేతద్దం పట్టాను. ఎదుటి బల్ల మీది గ్లాసులోంచి అందులో తనను చూసుకుని వేరే చేప అనుకున్నాడేమో, మనవాడు రెక్కలన్నీ విప్పి, మొప్పలు ఉబ్బించి, కాళ్లు లేకపోయినా కయ్యానికి కాలు దువ్వాడు! కొట్లాటకు ఓపిక వచ్చిందంటే జబ్బు తగ్గినట్టే కదా.

"నా మెడ సంగతేంటయ్యా?" అని ఆయన అరుస్తున్నా నేను అద్దం కదపలేదు.

బావను తీసుకుని రా. క్షవరం నేనే చేస్తాను. అద్దం మాత్రం ముందు వాడికే.

నీ తమ్ముడు