టీవీకి సెలవిచ్చేశాను

తమ్ముడూ డెస్మండ్,

మాంసం కూరిన రొట్టె ఓవెన్‌లో ఉంది, వేడి చేసుకుని తిను. ఒంటిగంటకు బీరు పీపాల లారీ వస్తుంది, నేలమాళిగ తలుపు తీసిపెట్టు. పెద్ద టీవీ జోలికి పోకు. అందులో ఇక ఆటలు రావు.

పొద్దున ఛానెల్ మనిషి వచ్చాడు. లీగు ఫుట్‌బాల్ ప్రసార హక్కుల్ని ఈసారి ఇంకా ఎక్కువ డబ్బు పోసి కొన్నారట. అందుకని మన పబ్బు చందా సగానికి సగం పెంచారట.

"వేలంలో అంత పెట్టాం కదమ్మా, ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలిగా" అన్నాడు, సిగ్గులేకుండా.

"పోటీపడి పాడింది మీరు, కట్టాల్సింది మేమా? మిమ్మల్ని పాడమని ఎవరేడ్చారు నాయనా?" అన్నాను.

"ఆట లేకపోతే మీ పబ్బుకు ఎవరొస్తారు?" అని నవ్వాడు.

ఆ నవ్వుకు నా ఒళ్లు మండింది. చందా కోసం మనం బీరు ధర పెంచినప్పటి నుంచీ ఏ ఆటా వదలకుండా వచ్చే మన ముసలి విల్ఫ్ ఒక్క గ్లాసునే ఆటంతా చప్పరిస్తున్నాడు. వీళ్ల గొప్పలకు ఆయన గొంతు ఎండాలా? రద్దు కాగితం మీద అక్కడికక్కడే సంతకం గీకి వాడి మొహాన పడేశాను.

నీకు చెబితే బతిమాలతావు, నేను మెత్తబడతాను. అందుకే చెప్పలేదు. పోయిన చలికాలం చందా కోసం నాన్న గడియారం అమ్మేశావని నాకు తెలుసు. ఇంక చాల్లేరా.

అక్క ఈనిడ్

విల్ఫ్‌ను తీసుకుని మన ఊరి జట్టు ఆటకు వెళ్తున్నాను. నీకూ టికెట్టు కొన్నాను, మూడింటికల్లా గేటు దగ్గరికి రా. మనవాళ్లు ఎలాగూ ఓడిపోతారు. అయినా వాళ్లు ఓడిపోతుంటే చూసే హక్కును ఇంతవరకు ఎవడూ కొనుక్కోలేదు.