పోశయ్య పేరున గది

మస్కట్
6 మార్చి 1977

పట్వారీ పంతులు గారికి దండం పెట్టి రాస్తున్నాను.

నేనిక్కడ క్రేన్ నడుపుతున్న సంగతి మీకు తెలిసిందే. కొత్త క్రేన్ నేర్చుకుని రమ్మని కంపెనీ నన్ను వారం రోజులు జర్మనీలోని హాంబర్గ్ పట్నానికి పంపింది. అక్కడి హోటల్లో నా పాస్‌పోర్టు చూసి, ఈ ఇంటిపేరుతో గది లేదన్నారు. బయట మంచు పడుతున్నది. సంచి పట్టుకుని రెండు గంటలు గుమ్మం దగ్గరే నిలబడ్డాను. మస్కట్ ఆఫీసుకు కబురు చేస్తే అప్పుడు తేలింది, గది మిస్టర్ పోశయ్య పేరున ఉందని.

పోశయ్య మా బాపు. ఒమాన్‌లో మనిషి పేరు పక్కన తండ్రి పేరే రాస్తారు. మా గుమాస్తా ఖమరుద్దీన్ నాకూ అట్లాగే రాశాడు. తిరిగొచ్చి అడిగితే, "బాపు పేరు రాస్తే తప్పేంది భాయ్?" అన్నాడు.

ఆ వారమంతా తెల్లవాళ్లు నన్ను మిస్టర్ పోశయ్య అనే పిలిచారు.

మా బాపు నలభై ఏళ్లుగా దొర కొట్టంలో గొడ్ల పక్కన పడుకుంటున్నాడు. సర్కారు ఇచ్చే ఇంటి జాగా కోసం మీ అరుగు కింద మూడుసార్లు నిలబడ్డాడు. "జీతగాని పేరు మీద కాయితమేందిరా, దొర పేరున రాస్త తియ్" అన్నారట మీరు.

హోటల్ వాళ్లిచ్చిన చీటీ ఈ కవరులో పెట్టాను. మా బాపు పేరు ఎట్లా రాయాలో తెలియకపోతే, అందులో చూసి రాయండి.

ఇట్లు,
పోశయ్య కొడుకు